బడిలో దేశభక్తి: వేదిక మీద ఎవరు, చెట్టు కింద ఎవరు?

2025 ఆగస్టు 15న రేణిగుంటకు దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లాను. అక్కడ పనిచేసే టీచరు ఒకామె నాకు చిన్ననాటి స్నేహితురాలు. "మాజీ సైనికులకు సన్మానం పెట్టుకున్నాం, నువ్వు కూడా వచ్చి ఆడపిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పిపో" అని పిలిచింది.

ఆవరణంతా మూడు రంగుల కాగితాల తోరణాలు కట్టారు. మగపిల్లలు అట్టతో చేసిన తుపాకులు భుజాన పెట్టుకుని కవాతు చేశారు. ఆడపిల్లలు పట్టు పరికిణీలు కట్టుకుని, హారతి పళ్లాలు పట్టుకుని రెండు వరుసల్లో నిలబడ్డారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె భారతమాత వేషంలో, తలమీద అట్ట కిరీటంతో, చేతిలో జెండాతో ముప్పావుగంట కదలకుండా నిలబడింది. వేదిక మీద ముగ్గురు మాజీ సైనికులు కూర్చున్నారు. వారి పక్కన ఒక బల్లమీద, అంతకు మూడు నెలల ముందు మే 9న సరిహద్దులో పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయిన మురళీ నాయక్ ఫోటోకు పూలదండ వేసి పెట్టారు.

శాలువాలు కప్పడం అయిపోయాక పిల్లల్ని ప్రశ్నలు అడగమన్నారు. ఏడో తరగతి పిల్లవాడు లేచి, "సార్, మీరు ఎంతమందిని చంపినారు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. వేదిక మీద ఉన్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. "నేను లారీ డ్రైవర్ని నాయినా. పదిహేడేండ్లు లారీ తోలినా. మంచు కొండల్లో బియ్యం, కిరసనాయిలు మోసినా. ఒగపక్క లోయ, ఇంగోపక్క కొండ. ఇంటికి వస్తామో రామో అని రోజూ బయమేసేది..." అని మొదలుపెట్టాడు. పిల్లలు నిశ్శబ్దమైపోయారు. అంతలో నిర్వాహకుడు మైకు అందుకుని, "మన వీర జవానుకు భయమన్నది తెలియదు!" అని నినాదం ఎత్తుకున్నాడు. పిల్లలంతా అందుకున్నారు. పెద్దాయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

ఆరోజు ఆ బడిలో జరగబోయిన ఒకే ఒక్క నిజమైన పాఠం అక్కడ ఆగిపోయింది.

సభ అయ్యాక వేపచెట్టు కింద నిలబడి ఉన్న ఒకామెను నా స్నేహితురాలు పరిచయం చేసింది. ఆ లారీ డ్రైవరు గారి భార్య. మాటల్లో ఆమె అన్నది: "ఆయన ఆడ దేశానికి కాపలా ఉండె, నేను ఈడ ఇంటికి కాపలా ఉంటి. వాళ్లమ్మ మంచాన పడితే నేనే ఎత్తి దించితి. శెనక్కాయలు ఎండిపోతే అప్పులోళ్లకు నేనే జవాబు చెప్తి. ఆయన జాబు రాస్తే చదివేదానికి పోస్టుమేన్ కాళ్లా వేళ్లా పడితి. శాలువా ఆయనకే కప్పనీమ్మా, నాకేం కుళ్లు లేదు. కూచోను కుర్చీ అయినా ఎయ్యలేదు సూడు."

ఆ కుర్చీ గురించే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందే ఒక మాట. బడుల్లో సైనికులను గౌరవించడాన్ని నేను వ్యతిరేకించడం లేదు. నేను రేణిగుంట రైల్వే క్వార్టర్సులో పెరిగినదాన్ని. మద్రాసు వైపు, గుంతకల్లు వైపు, గూడూరు వైపు బళ్లు మారే ఆ జంక్షనులో నల్ల ట్రంకుపెట్టెల మీద తెల్ల రంగుతో పేరు, నంబరు రాసుకుని రాత్రంతా కూర్చునే కుర్రవాళ్లను చిన్నప్పటినుంచీ చూశాను. వాళ్లను సాగనంపడానికి వచ్చి, బండి కదిలాక ప్లాట్‌ఫారం మీదే కూలబడిపోయిన తల్లులనూ చూశాను. ఆ కుర్రవాళ్లలో జమీందారుల బిడ్డలు లేరు. వానకోసం ఆకాశంకేసి చూసే వేరుశనగ రైతుల బిడ్డలు, కూలినాలి చేసుకునేవాళ్ల బిడ్డలు. దేశం మీద ప్రేమ వాళ్లకు లేదని ఎవరంటారు? కానీ ఆ ప్రేమతో పాటు కరువు, అప్పులు, చెల్లెలి పెళ్లి కూడా ఆ పెట్టెలోనే ప్రయాణం చేశాయి. వాళ్ల త్యాగాన్ని పొగిడి, వాళ్లను పంపిన పరిస్థితుల గురించి ఒక్క మాట మాట్లాడని సన్మానం సగం సన్మానమే.

ఈ ప్రాంతం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 2020 నవంబరులో కుప్వారా జిల్లా మాచిల్ సెక్టారులో చనిపోయిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డిది చిత్తూరు జిల్లా ఐరాల మండలం. 2021 డిసెంబరు 8న జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయిన లాన్స్ నాయక్ సాయితేజది అప్పటి చిత్తూరు జిల్లాలోని కురబలకోట మండలం. మురళీ నాయక్‌ది శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లి తండా. వీరి అంత్యక్రియలకు వేలమంది వచ్చారు, మంత్రులు వచ్చారు, ప్రభుత్వం ఆర్థిక సాయం ప్రకటించింది. ఇవన్నీ జరగాల్సినవే. కానీ పూలు వాడిపోయాక ఆ ఇళ్లలో మిగిలేది ఆడవాళ్లే. వాళ్లతో రాజ్యం ఎలా వ్యవహరిస్తుందో మన పిల్లలకు ఎవరు చెప్పాలి?

ఒక ఉదాహరణ చెప్తాను. శౌర్య పతకం పొందిన సైనికుడు చనిపోతే, ఆ పతకంతో వచ్చే నెలసరి భత్యం అతని భార్యకు వస్తుంది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది. అయితే ఒక మినహాయింపు ఉండేది. చనిపోయిన భర్త తమ్ముణ్ణో, అన్ననో పెళ్లి చేసుకుంటే మాత్రం భత్యం కొనసాగేది! అంటే, ఆమె ఆ కుటుంబం సొత్తుగా ఉన్నంతకాలమే ఆమెకు గౌరవం. 'వీరనారి' అని బిరుదు ఇచ్చిన రాజ్యమే ఆమె ఎవరిని పెళ్లాడాలో కూడా నిర్ణయించింది. ఈ షరతును రక్షణ శాఖ తొలగించింది ఎప్పుడో తెలుసా? 2017 నవంబరులో. స్వాతంత్ర్యం వచ్చిన 70 ఏళ్లకు. పితృస్వామ్యం యూనిఫాం కూడా వేసుకుంటుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకొక ఉదాహరణ మురళీ నాయక్‌దే. ఆయన 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో చేరాడు. ఆ పథకంలో ఉద్యోగం నాలుగేళ్లే. ఆ తర్వాత నూటికి 25 మందికి మించి కొనసాగనివ్వరు. విధుల్లో చనిపోతే బీమా, ఎక్స్‌గ్రేషియా మొత్తాలు ఇస్తారు. కానీ రెగ్యులర్ సైనికుల కుటుంబాలకు వచ్చే కుటుంబ పింఛను మాత్రం ఉండదు. ఒకే సరిహద్దు, ఒకే తూటా, రెండు రకాల అమ్మలు! ఈ తేడా ఎందుకని అడుగుతూ ఆయన తల్లి 2025లో బొంబాయి హైకోర్టులో పిటిషన్ వేసింది. కొడుకు ఫోటోకు ఊరూరా బడుల్లో దండలు పడుతుంటే, తల్లి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మన పిల్లలకు ఫోటో తెలుసు. పిటిషన్ సంగతి తెలియదు. నన్నడిగితే రెండోది కూడా దేశభక్తి పాఠమే. తన బిడ్డ ప్రాణం ఇంకొకరి బిడ్డ ప్రాణంతో సమానమని రాజ్యాన్ని నిలదీసిన పౌరురాలు ఆమె.

ఇప్పుడు మళ్లీ బడిలోకి వద్దాం. ఆరోజు ఆ కార్యక్రమం పిల్లలకు నేర్పింది ఏమిటి? మగపిల్లవాడంటే తుపాకీ, ఆడపిల్ల అంటే హారతి పళ్లెం. మగవాడు కాపాడతాడు, ఆడది కాపాడబడుతుంది. మగవాడికి భయం ఉండకూడదు, ఆడదానికి మాట ఉండకూడదు. దేశం ఆడది గనుక ఆమె గౌరవం కోసం మగవాళ్లు చావాలి, చంపాలి. ఇది ఎవరూ నల్లబల్ల మీద రాయలేదు. పిల్లల్ని ఎవరిని ఎక్కడ నిలబెట్టారో చూస్తేనే తెలిసిపోయింది. సామాజిక శాస్త్రంలో మేము దీన్ని సామాజీకరణ అంటాం. మామూలు మాటల్లో చెప్పాలంటే, చెప్పకుండా నేర్పడం. చెప్పి నేర్పిన పాఠం పరీక్ష అయిపోయాక మరిచిపోతారు. చెప్పకుండా నేర్పినది జీవితాంతం ఉంటుంది.

కిరీటం తీసేస్తున్నప్పుడు ఆ భారతమాత అమ్మాయి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "మేడమ్, మిలిటరీలో ఆడోళ్లను తీసుకుంటారంట కదా, ఎత్తు ఎంత ఉండల్ల?" ముగ్గురు మాజీ సైనికులు ముప్పావుగంట సేపు ఆమెకు పది అడుగుల దూరంలో ఉన్నారు. ఆమె వాళ్లనడగలేకపోయింది. భారతమాత మాట్లాడకూడదు కదా!

ఆమెకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. మన ప్రాంతంలోని కలికిరి సైనిక్ స్కూలుతో సహా దేశంలోని సైనిక్ స్కూళ్లన్నింటిలో 2021-22 నుంచి ఆడపిల్లలను చేర్చుకుంటున్నారని, మిలిటరీ పోలీసు విభాగంలో తొలి మహిళా సైనికుల జట్టు 2021 మేలో బెంగళూరులో శిక్షణ పూర్తిచేసిందని, నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి 17 మంది అమ్మాయిలు మొదటిసారిగా 2025 మేలో బయటికి వచ్చారని చెప్పాలి. స్త్రీవాదుల్లో సైన్యం గురించి భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. తుపాకీ పట్టుకోవడమే సమానత్వమా అని నేను కూడా చాలాసార్లు వాదించాను. కానీ ఆ ప్రశ్న వేసుకునే హక్కు, తేల్చుకునే హక్కు ఆ అమ్మాయిది. ఆమె నోరు మూయించే హక్కు నాకూ లేదు, బడికీ లేదు.

ఇక్కడ ఒక కోర్టు వాదన గుర్తు చేసుకోవాలి. సైన్యంలో మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ ఇవ్వాలన్న కేసులో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు ముందు ఏమన్నదంటే, సైనికుల్లో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన మగవాళ్లు, అక్కడి సామాజిక కట్టుబాట్ల మధ్య పెరిగినవాళ్లు, ఆడవాళ్ల ఆజ్ఞలు స్వీకరించడానికి వాళ్ల మనసులు ఇంకా సిద్ధంగా లేవని. 2020 ఫిబ్రవరి 17న కోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. మూసపోసిన అభిప్రాయాల మీద ఆధారపడి హక్కులు నిరాకరించకూడదని తీర్పు చెప్పింది. సరే, మన పల్లె కుర్రవాళ్ల మనసులు సిద్ధంగా లేవనే అనుకుందాం. వాటిని సిద్ధం చేయాల్సింది ఎక్కడ? బడిలో కాదా? అట్ట తుపాకీ, హారతి పళ్లెం ఇచ్చి రెండు వరుసలుగా నిలబెట్టిన బడే కదా ఆ మనసులను తయారుచేసింది!

దేశభక్తి నేర్పడానికి ఇవాళ కార్యక్రమాలకు కొదవలేదు. శౌర్య పతక విజేతల మీద పిల్లల చేత వ్యాసాలు, బొమ్మలు వేయించే 'వీర్ గాథ' 2021లో మొదలైంది. 2024లో జరిగిన నాలుగో విడతలో కోటీ 76 లక్షల మంది పిల్లలు పాల్గొన్నారు. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం, జనవరి 14న మాజీ సైనికుల దినం, జులై 26న కార్గిల్ విజయ దినం ఉన్నాయి. ఉండనివ్వండి. కానీ వీటన్నింటికీ మూలంగా చూపించే ప్రాథమిక విధులను ఒకసారి పూర్తిగా చదవమని టీచర్లను కోరుతున్నాను.

రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం 1976లో, ఎమర్జెన్సీ కాలంలో చేర్చినది. పౌరుల నోరు నొక్కిన కాలంలో పౌరులకు విధులు బోధించారన్న విమర్శ నాకూ ఉంది. అయినా ఆ జాబితా చూడండి. మొదటిది రాజ్యాంగాన్ని, జాతీయ పతాకాన్ని, జాతీయ గీతాన్ని గౌరవించడం. నాలుగోది దేశాన్ని రక్షించడం. వెంటనే ఐదోది ఏమిటి? మత, భాషా, ప్రాంతీయ భేదాలకు అతీతంగా సోదరభావాన్ని పెంచడం, స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను విడనాడడం. నాలుగో విధికి బడిలో కవాతు ఉంది, శాలువా ఉంది, వ్యాసరచన పోటీ ఉంది. ఐదో విధికి ఏముంది? పదో తరగతి కాగానే పెళ్లి చేసే ఆచారం స్త్రీల గౌరవానికి భంగం కాదా? కట్నం కాదా? అట్లాంటి పెళ్లిని ఆపిన టీచరుకు, అంగన్‌వాడీ కార్యకర్తకు, ఎదురు తిరిగి చదువుకున్న ఆడపిల్లకు ఏ ఆగస్టు 15న శాలువా కప్పాం? అదే అధికరణం, అదే పేజీ. ఒకటి చదివి ఇంకొకటి వదిలేస్తున్నాం.

దేశాన్ని గౌరవించడానికి ఒకే పద్ధతి లేదని చెప్పిన తీర్పు కూడా మన రాయలసీమ బిడ్డ రాసిందే. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను, వారిలో ఇద్దరు ఆడపిల్లలు, జాతీయ గీతం పాడలేదని బడినుంచి పంపేశారు. వాళ్లు గీతం వినిపించినప్పుడు మర్యాదగా నిలబడేవారు. తమ మత విశ్వాసం వల్ల పాడేవారు కాదు, అంతే. 1986 ఆగస్టులో అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్‌తో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ పిల్లలను మళ్లీ బడిలో చేర్చుకోవాలని చెప్పింది. నిలబడడమే గౌరవం, బలవంతంగా పాడించనక్కర్లేదన్నది ఆ తీర్పు సారాంశం. దేశభక్తిని కొలిచే కర్ర పట్టుకుని తిరిగే ఈ రోజుల్లో ఈ తీర్పును ప్రతి స్టాఫ్ రూములోనూ అతికించాలి.

ఆ గీతానికే ఇంకో కథ ఉంది, అది కూడా ఇక్కడిదే. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె కళాశాలకు వచ్చినప్పుడు 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పాటకు స్వరలిపి కూర్చింది మార్గరెట్ కజిన్స్. ఈ విషయం బడుల్లో అప్పుడప్పుడు చెప్తారు. కానీ ఆ కజిన్స్ ఎవరు? 1917లో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించినవారిలో ఒకరు. భారతీయ స్త్రీలకు ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి. 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పడడానికి ముఖ్య కారకురాలు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వపు ఆర్డినెన్సులకు వ్యతిరేకంగా మాట్లాడి జైలుకెళ్లింది. స్వరం మిగిలింది, స్వరం కూర్చినామె పోరాటం పాఠంలోంచి జారిపోయింది. స్త్రీల చరిత్ర ఎప్పుడూ ఇలాగే జారిపోతుంది.

ఒక కష్టమైన మాట కూడా అనాలి. యూనిఫాంను గౌరవించడమంటే యూనిఫాం చేసిన తప్పును కప్పిపుచ్చడం కాదు. 2004లో ఇంఫాల్‌లో తల్లులు కంగ్లా కోట ముందు ఎలాంటి నిరసనకు దిగారో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. సాయుధ దళాల వాళ్లు స్త్రీలపై లైంగిక హింసకు పాల్పడితే మామూలు క్రిమినల్ చట్టం కిందే విచారించాలని 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ సిఫార్సు చేసింది. అయినా సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టంలో, కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా విచారణ జరపరాదన్న నిబంధన అలాగే ఉండిపోయింది. నిజాయితీగా పనిచేసిన వేలమంది సైనికులకు ఈ రక్షణ అవసరం లేదు. తప్పు చేసినవాడికే అవసరం. ఇది చెప్పడం సైనికుణ్ణి అవమానించడం కాదు. మంచివాణ్ణీ చెడ్డవాణ్ణీ ఒకే శాలువా కింద కప్పేయడమే అవమానం.

అయితే ఏం చేద్దాం? కార్యక్రమాన్ని బహిష్కరించడం వల్ల ప్రయోజనం లేదు. దాన్ని మార్చాలి. గ్రామాల్లో పనిచేసే మన కార్యకర్తలు బడి యాజమాన్య కమిటీల్లో ఉన్నారు, మహిళా సంఘాల్లో ఉన్నారు. వచ్చే జాతీయ పండుగకు ముందే వెళ్లి హెడ్మాస్టరుతో మాట్లాడవచ్చు. సైనికుడితో పాటు అతని భార్యను, తల్లిని కూడా వేదిక మీదికి పిలవమనాలి, మాట్లాడనివ్వమనాలి. కవాతులో ఆడపిల్లలూ, హారతిలో మగపిల్లలూ ఉండాలని అడగాలి. నినాదాలకు పది నిమిషాలు తగ్గించి పిల్లల ప్రశ్నలకు ఇవ్వమనాలి. పెద్దాయన భయం గురించి చెప్తే చెప్పనివ్వాలి. భయపడుతూ కూడా లారీ తోలిన మనిషి ధైర్యం, భయమే తెలియని బొమ్మ ధైర్యం కంటే గొప్పది. అదే రోజున జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లను పిలిపించి, పింఛను కాగితాలు అర్థంకాక తిరిగే ఆడవాళ్లకు ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించగలిగితే, పది ఉపన్యాసాల కంటే అదే ఎక్కువ సన్మానం.

నేను ఆరోజు ఇదంతా హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. "పైనుంచి వచ్చిన ప్రోగ్రామ్ ప్రకారం చేస్తాం మేడమ్, ఫోటోలు అప్‌లోడ్ చెయ్యాల" అన్నాడు. కాసేపాగి, "కుర్చీల సంగతి మాత్రం మీరు చెప్పింది నిజమే. మాకు తోచలేదు" అన్నాడు.

తోచలేదన్నదే నన్ను ఇంటిదాకా వెంటాడింది. ఎవరికీ ఆమె మీద ద్వేషం లేదు. ఆమెను అవమానించాలని ఎవరూ అనుకోలేదు. పదిహేడేళ్లు ఒంటరిగా సేద్యం చేసి, అత్తను సాకి, పిల్లలను పెంచి, సరిహద్దులో ఒక మనిషి నిలబడడానికి ఇక్కడ నేలను గట్టిగా పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్లముందే ఉన్నా, ఆమె కూడా దేశానికి ఏదో చేసిందన్న సంగతి బడికి తోచలేదు. పిల్లలకు తోచేలా చేయడమే కదా చదువు అంటే?

వచ్చే ఏడు కూడా నేను ఆ బడికి వెళ్తాను. ముందుగా వేపచెట్టు కింద చూస్తాను.